మూడోసారి అడిగితేనే

నేను రాసిన నాటకంలో మరైకె మొట్టమొదట కొట్టేసింది టీ గురించిన మాటలనే.

ఫిబ్రవరి నెల. చర్చి పక్కనున్న హాల్లో హీటరు పెట్టి అరగంటైనా గోడల చలి వదల్లేదు. కోట్లు విప్పకుండానే రిహార్సలు మొదలుపెట్టాం. ఈస్టరు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో నాటకం వేయడం మా ఊళ్ళో మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ నలభై రోజులూ డాన్సులకు ఫాదరు ఒప్పుకునేవాడు కాదు. నాటకమంటే మాత్రం ముందు వరసలో వచ్చి కూర్చునేవాడు.

మా చేత నాటకం వేయిస్తున్న మరైకె పెన్సిలుతో పేజీ మీద పైనుంచి కిందికి ఒక గీత గీసింది.

"ఇదంతా అక్కర్లేదు. పొరుగాయన వస్తాడు. ఆవిడ టీ తాగుతారా అంటుంది. వద్దంటాడు. మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ వద్దంటాడు. మూడోసారి అడిగితే అప్పుడు సరేనంటాడు. ఒక్క కప్పు టీకి పేజీన్నర! జనం నిద్రపోతారు. ఒకసారి అడగనీ, సరే అననీ. కథ ముందుకు పోతుంది."

"మొదటిసారికే సరేనంటే వీణ్ణి ఎవరు పెంచారో అనుకోరూ?" అన్నాడు ఫింటన్.

ఫింటన్ పాల లారీ నడుపుతాడు. మా బృందంలో మగవాళ్ళకు కరువు, అందుకని టోపీ మార్చుకుని రెండు వేషాలూ అతనే వేస్తున్నాడు. మొదటి రంగంలో పొరుగాయన, రెండో రంగంలో తమ్ముడు. ఇంటావిడ వేషం జోసీది. జోసీ పోస్టాఫీసులో కూర్చుంటుంది. కవరు చూసి లోపలున్న సంగతి చెప్పగలదని ఊళ్ళో పేరు.

"ప్రయత్నించు," అంది మరైకె.

జోసీ కెటిలు పట్టుకుని, "టీ తాగుతావా?" అంది.

"వద్దులే," అన్నాడు ఫింటన్.

"వద్దు కాదు, సరే!"

"తెలుసు తల్లీ. నోరు తిరగట్లేదు." గొంతు సవరించుకున్నాడు. జోసీ మళ్ళీ అడిగింది. "వద్దులే," అన్నాడు మళ్ళీ. నెత్తిన చేయి పెట్టుకుని, "మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది. నా వల్ల కాదు," అన్నాడు.

మరైకె నవ్వలేదు. పేజీ తిప్పి, రెండో రంగంలో తమ్ముడు వచ్చే చోట కూడా గీత గీసింది. "ఇక్కడ రెండుసార్లు అడుగుతోంది. ఒకసారి చాలు. అతను వద్దన్నాడు, వెళ్ళిపోయాడు. అర్థమవుతుంది."

స్టేజీ పక్కన, తెర చాటున ఉన్న స్టూలు మీద నేను కూర్చుని ఉన్నాను. ఎవరైనా మాట మరిచిపోతే అందించడం ఎన్నో ఏళ్ళుగా నా పని; ఇంతకుముందు విన్నది గుర్తుపెట్టుకుని, ఇప్పుడు కాగితం చూసి. ఆ రోజు నా మాటలే కొట్టేస్తుంటే ఒక్క మాట అందించుకోలేకపోయాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి మరైకె. ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆవిడకే తెలుసుననుకున్నాను.

మరైకెది హాలండు. పన్నెండేళ్ళ కిందట వచ్చి, మా ఊరి పైన కొండ వాలులో పొలం కొని, మేకలు పెంచి జున్ను చేసి అమ్ముతోంది. మంగళవారాలు, శుక్రవారాలు లైబ్రరీలో మాలాంటి పెద్దవాళ్ళకు చదువు చెప్తుంది. మన కెర్రీ జిల్లా వాళ్ళు ఇంగ్లీషు చదవడం నేర్చుకోవడానికి హాలండు మనిషి కావలసి వచ్చిందా అని బజారులో నవ్వుకున్నారు. నవ్వనీ. క్లాసులో ఒకరోజు ఆవిడ "మీ ఇంట్లో జరిగింది ఏదైనా రాయండి" అంది. నేను రాసింది చదివి, "హన్నీ, ఇది కథ కాదు, నాటకం. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు," అంది. అలా పుట్టింది ఆ నాటకం.

ఊరంతా అది ఊరి కోసమే అనుకుంది. నేను రాసింది ఒక్క మనిషి కోసం.

మా అమ్మ నాలుగేళ్ళు మంచంలో ఉండి, ఒక నవంబరులో పోయింది. ఆవిడకు సేవ చేసింది నేను. నా తమ్ముడు మర్టీ ఇంగ్లండుకు పోయి, కవెంట్రీలో కార్ల ఫ్యాక్టరీలో ఉండేవాడు. టెలిగ్రాం ఇచ్చాం. సమాధి చేసిన మర్నాడు వచ్చాడు. వానలో తడిసి, టోపీ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. టీ తాగుతావా అన్నాను. వద్దులే అన్నాడు. ఒక్క కప్పు తాగు అన్నాను. వద్దు, నీకెందుకు శ్రమ అన్నాడు. నేను అటు తిరిగి, అలమారలో ఉన్న పళ్ళేలు తీసి తుడవడం మొదలుపెట్టాను. అవి శుభ్రంగానే ఉన్నాయి. కాసేపు నిలబడి, టోపీ పెట్టుకుని, "సరే మరి" అని వెళ్ళిపోయాడు.

మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. మూడోసారి అడిగితేనే అడిగినట్టు. అంతకుముందు రెండుసార్లూ ఊరికే మర్యాద. మర్యాద చేసి ఆగిపోయామంటే, ఈ గడప మళ్ళీ తొక్కొద్దని చెప్పినట్టు.

తర్వాత పద్దెనిమిదేళ్ళు క్రిస్మసుకు కార్డు వచ్చేది, అతని భార్య చేతిరాతతో. మా ఆయన కాన్ చదివి వినిపించేవాడు. ఏడో ఏటి కార్డులో ఉంది, ఆ టెలిగ్రాం పాత అద్దె గదికి వెళ్ళి మూడు రోజులు అక్కడే పడి ఉందని. కాన్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. నేను కెటిలు పొయ్యి మీద పెట్టాను. జవాబు రాయించి ఉండవచ్చు. రాయించలేదు. కాన్ పోయాక వచ్చిన కార్డులు రెండు గడియారం వెనక అలాగే ఉండిపోయాయి. జోసీ చదివిపెట్టేదే, కానీ జోసీ చదివితే ఊరు చదివినట్టు. అందుకే లైబ్రరీకి వెళ్ళాను.

నా చేత్తో నేను రాసిన మొదటి ఉత్తరం మర్టీకే. 'మార్చి పద్నాలుగు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి హాల్లో నాటకం ఉంది. నేను రాసింది. వీలైతే రా.' అంతే. క్షమించమని మావాళ్ళు నోటితో అడగరు. నాకూ ఆ మాట ఎలా రాయాలో తెలియలేదు. వారానికి జవాబు వచ్చింది. 'వస్తాను. గెస్ట్‌హౌసులో దిగుతాను.' అక్క ఇల్లు అరమైలు దూరంలో ఉండగా.

అతను వచ్చి చూసే నాటకంలో ఆ రెండుసార్లు లేకపోతే, అతనికి చేరవలసింది చేరదు. పొరుగాయనను మూడుసార్లు అడగకపోతే, రెండుసార్లు ఏమిటో కూడా తెలియదు. నాలుగు రోజులు నిద్రపట్టక, శనివారం ఉదయం కొండెక్కి మరైకె ఇంటికి వెళ్ళాను.

వంటింట్లో కాఫీ కాచిన వాసన గుమ్మం దాకా ఉంది. రెండు మైళ్ళు ఎదురుగాలిలో నడిచి వచ్చాను.

"కాఫీ తాగుతావా?" అంది.

"వద్దులే."

"సరే," అని కాఫీ జాడీ తీసి పక్కన పెట్టింది.

నేను కూర్చుని ఆ జాడీ వైపు చూశాను. అప్పుడు తట్టింది ఎలా చెప్పాలో.

"మరైకె, నన్ను మళ్ళీ అడుగు."

"ఏమని?"

"కాఫీ తాగుతావా అని."

"వద్దన్నావు కదా."

"అన్నాను. మళ్ళీ అడుగు."

నాకు మతిపోయిందేమో అన్నట్టు చూసి, "కాఫీ తాగుతావా?" అంది.

"వద్దమ్మా, నీకెందుకు శ్రమ. ఊ, ఇంకోసారి."

"హన్నీ, కాఫీ తాగుతావా లేదా?"

"నువ్వంతగా అంటుంటే ఒక్క చుక్క తాగుతాలే."

మరైకె కప్పు నింపి నా ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని, నేను కప్పు రెండు చేతులతో పట్టుకుని సగం తాగేదాకా చూసింది.

"నీకు మొదటి నుంచీ కావాలా?"

"గుమ్మం దగ్గర నుంచీ."

ఆవిడ జాడీని దగ్గరికి లాక్కుంది. "మరి పోస్టుమాన్?"

"పన్నెండేళ్ళుగా."

"పశువుల డాక్టరు? రాత్రంతా మేక ఈనేదాకా కూర్చున్నాడు పాపం, వద్దన్నాడు."

"ఆయనకు కాఫీ అంటే ప్రాణం. ఇక్కణ్ణుంచి నేరుగా జోసీ ఇంటికెళ్ళి మూడు కప్పులు తాగి, నీ గురించి చెప్పాడు."

"ఏమని?"

"వద్దులే, పోనీ."

"హన్నీ, ఈ మాట నేను మూడుసార్లు అడగను. చెప్పు."

"నీది పిసినారి చెయ్యని. బిస్కెట్ డబ్బా మూత తీసి, ఒకటిచ్చి, మూత పెట్టేస్తావని."

"మా దగ్గర ఒకటే ఇస్తారు!" అంది. తర్వాత గొంతు తగ్గింది. "నా కాఫీ ఎవరికీ నచ్చదనుకున్నాను. రెండేళ్ళ కిందట గింజలు కూడా మార్చాను. మా ఊళ్ళో, వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే, నీ మాట నేను నమ్మనన్నట్టు. పెద్ద అవమానం అది. నేను మీ అందరినీ గౌరవిస్తున్నాననుకున్నాను."

"మేము నువ్వు మమ్మల్ని వెళ్ళగొడుతున్నావనుకున్నాం."

ఇద్దరం నవ్వాం, కానీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది కూడా. అప్పుడు మర్టీ సంగతి చెప్పాను. పళ్ళేలు తుడిచిన సంగతి కూడా. కాన్‌కు తప్ప ఇంకెవరికీ చెప్పనిది. ఆవిడ లేచి, నాటకం కాగితాలు తెచ్చి, రబ్బరుతో తాను గీసిన గీతలన్నీ తుడిచేసింది. మొదటి రంగంలో మూడు, రెండో రంగంలో రెండు, ఎక్కడివి అక్కడికి వచ్చాయి.

ఆ తర్వాత పెన్సిలు తీసుకుని ఇంకోచోట గీత పెట్టింది.

తమ్ముడు వెళ్ళిపోయాక ఇంటావిడ ఒంటరిగా చెప్పే మాటలవి. మూడోసారి నోరు పెగల్లేదే, నా తమ్ముణ్ణి గడపలోంచే పంపేశానే అంటూ పన్నెండు వరసలు. నాటకం మొత్తంలో నాకు బాగున్నవి అవే. రాస్తూ ఏడ్చాను.

"అవి తీసేస్తే ఇంకేముంది?" అన్నాను. "అతనికి చెప్పాలనుకున్నదే అది."

"అందుకే తీసెయ్యమంటున్నాను. మొదటి రంగంలో మూడు లెక్క వాళ్ళ చెవుల్లో వేశావు. రెండో రంగంలో రెండు దగ్గర ఆపావు. ఆ మూడోది హాల్లో ప్రతివాడి నోట్లోనూ ఉంటుంది. నువ్వు చెప్పేస్తే వాళ్ళ నోట్లోది లాక్కున్నట్టే. జోసీ పళ్ళెం తుడుస్తుంది. ఫింటన్ నిలబడతాడు. ఎవరూ మాట్లాడరు. పది లెక్కపెట్టేంతసేపు."

"పదా? మా ఊళ్ళో అంతసేపు ఎవరూ మాట్లాడకపోతే డాక్టరుకు కబురు పంపుతారు."

"పది," అంది మరైకె.

ఆ పది మా ప్రాణాలు తీసింది. జోసీ నాలుగు దాకా ఓర్చుకుని, "అబ్బ, ఏం వాన!" అనేసేది. కాగితంలో లేని వాన. జోసీ ఊరుకున్న రోజున నేను ఊరుకోలేకపోయేదాన్ని. స్టేజీ మీద మాట ఆగితే అందించడం నా చేతికి, నోటికి అలవాటైపోయింది. తెర చాటునుంచి "సరే మరి, సరే మరి" అని గుసగుసలాడేదాన్ని.

"హన్నీ! అతను మరిచిపోలేదు!" అని అరిచేది మరైకె. "అది కూడా నువ్వు రాసిందే. రాయకుండా రాసింది. దాన్ని అలా ఉండనీ."

"ఇదెక్కడి ఖర్మే," అంది జోసీ నాతో. "ముప్ఫై ఏళ్ళుగా మాటలు నేర్చుకుని వేశాం. ఇప్పుడు ఊరుకోవడం నేర్చుకోవాలట."

చివరికి జోసీ చెప్పుల్లో కాలివేళ్ళు ఒక్కొక్కటే కదుపుతూ లెక్కపెట్టడం కనిపెట్టింది. నేను రుమాలు నోట్లో పెట్టుకున్నాను.

మార్చి పద్నాలుగున వాన కురుస్తూనే ఉంది. తెరకు ఉన్న చిన్న చిరుగులోంచి చూశాను. చివరి వరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. చెవులు మాత్రం మా నాన్నవే. కోటు విప్పలేదు. ఎప్పుడైనా లేచి వెళ్ళేలా కూర్చున్నాడు.

మొదటి రంగంలో ఫింటన్ "వద్దులే" అనగానే హాలంతా నవ్వింది. రెండో "వద్దు"కు ఇంకా నవ్వారు. మూడోసారికి "ఒక్క చుక్క" అనేసరికి చప్పట్లు కొట్టారు. ఫింటన్ మురిసిపోయి టీ నిజంగానే తాగేశాడు, నోరు కాల్చుకున్నాడు.

రెండో రంగం. ఫింటన్ వేరే టోపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జోసీ టీ తాగుతావా అంది. వద్దులే అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగారు. ఒక్క కప్పు తాగు అంది. వద్దు, నీకెందుకు శ్రమ అన్నాడు. జోసీ అటు తిరిగి పళ్ళెం తీసింది.

హాలు రేకు పైకప్పు మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను రుమాలు పళ్ళ మధ్య నొక్కి పట్టుకుని లెక్కపెట్టాను. ఏడు దగ్గర మూడో వరసలోంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది.

"అడగవే తల్లీ! అడుగు!"

ఎవరూ నవ్వలేదు. జోసీ భుజాలు వణికాయి, అది నేర్పింది కాదు. పది అయింది. ఫింటన్ టోపీ పెట్టుకుని, "సరే మరి" అని వెళ్ళిపోయాడు. తెర వేశారు.

చప్పట్లు ఆగాక చిరుగులోంచి చూస్తే చివరి వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. కింద నేల మీద గొడుగు కార్చిన నీళ్ళున్నాయి.

హాలు వెనక ఆడవాళ్ళు పెద్ద టీ డబ్బా దగ్గర కప్పులు పేరుస్తున్నారు. మరైకె బిస్కెట్లు పంచుతోంది. నేను బయటికి రాలేదు. తెర చాటున స్టూలు మీదే కూర్చుని కాగితాలు వరసగా పేర్చాను, మళ్ళీ చెదరగొట్టి పేర్చాను. వెళ్ళిపోయాడు. అతను చూసింది ఏమిటి? పద్దెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే గడప, మళ్ళీ అదే పళ్ళెం. ఆ పన్నెండు వరసలు ఉంచి ఉంటే బాగుండేదేమో అనుకున్నాను.

చెక్కమెట్ల మీద అడుగుల చప్పుడైంది. మర్టీ తెర పక్కకు జరిపి నిలబడ్డాడు. చేతిలో కప్పుంది, సాసరులో కొంచెం ఒలికింది.

"టీ తాగుతావా?" అన్నాడు.

"వద్దులే," అన్నాను.

నా నోట్లోంచి వచ్చాక గాని నాకే తెలియలేదు. ఏం చేశానో అప్పుడు అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లండులో ఉన్నవాడు. అక్కడ ఒకసారే అడుగుతారు.

"ఒక్క కప్పు తాగు," అన్నాడు.

"వద్దురా, నీకెందుకు శ్రమ."

ఈసారి నాకు తెలిసే అన్నాను. ఇంకేమీ అనడానికి లేదు కూడా.

అతను కప్పులోకి చూశాడు. బయట ఎవరో కుర్చీలు మడుస్తున్నారు. తర్వాత రావలసిన మాట నాకు తెలుసు, నా నాలుక చివరే ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరి మాట ఆగినా అందించిన దాన్ని. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ వాటి మీద ఉంచి ఊరుకున్నాను. లెక్కపెట్టలేదు. పది కంటే ఎక్కువే అయి ఉంటుంది.

"తాగవే అక్కా," అన్నాడు మర్టీ. "చల్లారిపోతోంది."

"నువ్వంతగా అంటుంటే," అన్నాను, "ఒక్క చుక్క."

కప్పు అందుకున్నాను. అతను పక్కనున్న రంగుల డబ్బా తిరగేసి దాని మీద కూర్చున్నాడు. టెలిగ్రాం గురించి ఎవరం మాట్లాడలేదు. ఫింటన్‌కు నిజంగానే మూతి కాలిందా అని అడిగాడు. కాలిందన్నాను. కాన్ పోయినప్పుడు రాలేకపోయానన్నాడు. తెలుసన్నాను.

మరైకె డబ్బా పట్టుకుని మెట్లెక్కింది. "బిస్కెట్?" అంది మర్టీతో. "వద్దండీ," అన్నాడు. ఆవిడ మూత పెట్టి, రెండు మెట్లు దిగి, ఆగింది. వెనక్కి వచ్చి మూత తీసింది. "బిస్కెట్?" మళ్ళీ వద్దన్నాడు. "బిస్కెట్!" అంది ఇంకోసారి, పోలీసులా. మర్టీ భయపడి రెండు తీసుకున్నాడు. ఆవిడ నా వైపు గర్వంగా చూసి వెళ్ళిపోయింది.

"ఎవరావిడ?"

"మా పంతులమ్మ."

వాన తగ్గాక ఇద్దరం బయటికొచ్చాం. గెస్ట్‌హౌసు కూడలి దగ్గర, మా ఇల్లు దాని అవతల.

"ఇంట్లో ఉండొచ్చుగా," అన్నాను. "పై గది ఖాళీగానే ఉంది."

"వద్దులే," అన్నాడు. "సామానంతా అక్కడ సర్దేశాను."

నడుస్తూనే ఉన్నాను. అది మొదటిదే. కూడలి దాకా ఇంకా పావుమైలు నడక ఉంది.